చుక్కలు పోయిన రోజే మందు ఆపకండి

ప్రశ్న: మాది భీమవరం. ఏడో తరగతి చదివే మా అబ్బాయికి రెండడుగుల అక్వేరియం ఉంది. రెండు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు మాలీలు ఏడాదిగా బాగానే ఉన్నాయి. సంక్రాంతికి ముందు ఇంకో రెండు నల్ల మాలీలు కొని అందులో వదిలాం. నాలుగో రోజుకి వాటి తోకల మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయి. షాపులో నీలం మందు ఇచ్చారు. మూడు రోజులు వేశాక చుక్కలు పోయాయి, మందు ఆపేశాం. వారం తిరక్కుండా అన్ని చేపలకీ ముందుకంటే ఎక్కువగా వచ్చాయి. షాపువాళ్లు చెబితే నీళ్లన్నీ తీసేసి, రాళ్లు, ఫిల్టరు కుళాయి కింద శుభ్రంగా కడిగి మళ్లీ పెట్టాం. ఆ మర్నాటి నుంచి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు మాలీలు చనిపోయాయి. రొయ్యల చెరువులున్న మా మరిది "వైట్ స్పాట్‌కి మందు లేదు వదినా, అన్నీ పారేసి బ్లీచింగ్ కొట్టండి" అంటున్నాడు. చేపల చెరువులున్న మా అన్నయ్య పేనుకి వాడే మందు రెండు చుక్కలు వేయమంటున్నాడు. పెద్ద గోల్డ్ ఫిష్ మొప్పల మీద ఎప్పటినుంచో చిన్న తెల్ల చుక్కలు ఉన్నాయి. రోగం దాన్నుంచే వచ్చిందేమో, తనే చూసుకోలేదేమో అని బాబు ఏడుస్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా,

ఏ చేపనీ పారేయకండి. బ్లీచింగ్ అక్కర్లేదు. పేను మందు సీసా మూత కూడా తీయకండి. మిగిలిన ఆరు చేపలూ బతకడానికి అవకాశం బాగానే ఉంది. కాకపోతే చుక్కల సంగతి చూసే ముందు ఈ రోజే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట "ఆ మర్నాటి నుంచి" అన్నది. రాళ్లు, ఫిల్టరు కుళాయి కింద కడిగిన మర్నాటి నుంచి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. చేపలు వదిలే మలినంలో అమోనియా ఉంటుంది. దాన్ని తిని, చేపకు హాని లేని రూపంలోకి మార్చే మంచి బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలోనూ రాళ్ల మీదా పేరుకుని ఉంటుంది. ఏడాదిగా మీ తొట్టిని నిలబెట్టింది అదే. నీలం మందు, అంటే చాలావరకు మిథిలీన్ బ్లూ, ఆ బ్యాక్టీరియాని సగం దెబ్బ తీస్తుంది. మిగిలిన సగాన్ని కుళాయి నీళ్లలోని క్లోరిన్ కడిగేసింది. కాబట్టి ఆ రెండు మాలీలని చంపింది చుక్కల రోగం ఒక్కటే అని నేను అనుకోవడం లేదు. అమోనియా వాటా అందులో పెద్దదే అయ్యుంటుంది. షాపులో అమోనియా టెస్ట్ కిట్ దొరుకుతుంది, ఇవాళే కొనండి. ఈ పూటే మూడో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోయిన నీళ్లు పోయండి. ముందురోజు బకెట్‌లో పట్టి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఇరవై నాలుగు గంటలు ఉంచిన నీళ్లయినా సరే, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నీళ్లయినా సరే. కొత్త నీళ్లు తొట్టి నీళ్లంత వెచ్చగా ఉండాలి, చెయ్యి పెట్టి చూసుకుంటే మీకే తెలుస్తుంది. రెండు రోజులు మేత వేయకండి. పెద్ద చేపలు రెండు రోజుల పస్తుకి ఏమీ కావు, మేత వేస్తే మాత్రం అమోనియా ఇంకా పెరుగుతుంది. ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి. కిట్‌లో రీడింగ్ 0.5 దాటినన్నాళ్లు రోజూ ఇలాగే నీళ్లు మార్చాలి. ఇక మీదట ఫిల్టరు స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద మాత్రం వద్దు.

ఇప్పుడు బాబుతో ఒక మాట చెప్పండి. రోగం ఆ పెద్ద గోల్డ్ ఫిష్ నుంచి రాలేదు. మొప్పల మూత మీద, పక్క రెక్కల ముందు అంచున, కుట్టుపని చేసినట్టు ఒక వరసలో చిన్న తెల్ల చుక్కలుంటే అది మగ గోల్డ్ ఫిష్ అని గుర్తు. ఈడొచ్చిన మగ చేపకి గుడ్లు పెట్టే కాలంలో అవి లేస్తాయి, కొన్నిటికి ఏడాది పొడుగునా పోవు. రోగం చుక్కలకి వరసా వావీ ఉండదు. ఒళ్లంతా, తోక మీదా, రెక్కల మీదా ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, రోజురోజుకీ లెక్క మారుతుంది. తన చేపకి చుక్కలెక్కడున్నాయో ఏడాదిగా గుర్తుపెట్టుకున్న పిల్లవాడు చూసుకోలేదని ఎవరంటారు? వైద్యం మొదలుపెట్టాక లెక్క రాసే పని వాడికే ఇవ్వండి.

మీ మరిది మాటకి వద్దాం. ఆయన తప్పు చెప్పలేదు, వేరే రోగం గురించి చెప్పారు. రొయ్యల రైతుకి వైట్ స్పాట్ అంటే వైరస్. 1994, 95 ప్రాంతంలో మన తీరానికి వచ్చి టైగర్ రొయ్య పంటల్ని ఊడ్చేసిన రోగం అది. రొయ్య పెంకులో కనిపించే ఆ తెల్ల మచ్చలు సున్నం పేరుకోవడం వల్ల వచ్చేవి. దానికి నిజంగానే మందు లేదు. నీళ్లు బయటికి వదలక ముందే చెరువుకి బ్లీచింగ్ కొట్టడం అక్కడ సరైన పని, పక్క చెరువుల్ని కాపాడే పని. ఆ దెబ్బ చూసినవాళ్లకి "వైట్ స్పాట్" అన్న మాట వినగానే గుండె జారుతుంది. మీ తొట్టిలో ఉన్నది ఆ వైరస్ కాదు. అది ఒకే కణంతో ఉండే పరాన్నజీవి, ఒళ్లంతా సన్నటి నూగుతో ఈదుతుంది. శాస్త్రీయ నామం ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్. చేపలు పెంచేవాళ్లు పొట్టిగా ఇక్ అంటారు. ఇది మంచినీటి చేపలకి వస్తుంది, రొయ్యకి రాదు. రొయ్యల వైరస్ మీ చేపలకి రోగం తేదు. రెంటికీ పేరొక్కటే కలిసింది.

మీ అన్నయ్య పొరపాటు కూడా పేరు దగ్గరే. ఇక్తియోఫ్తిరియస్ అన్న గ్రీకు మాటకి అర్థం చేప పేను. మల్టిఫిలిస్ అంటే సంతానం మెండుగా ఉన్నది. 1876లో ఫూకే అనే శాస్త్రవేత్త పెట్టిన పేరిది. రెండో మాట ఎంత సరిగ్గా కుదిరిందో కాసేపట్లో మీకే తెలుస్తుంది. కానీ చెరువుల్లో రైతులు పేను అనేది ఆర్గులస్‌ని. అది కాళ్లున్న జీవి, రొయ్యకీ పీతకీ దూరపు చుట్టం. దాని మీద కొట్టే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు ఆ జాతి నరాల్ని పట్టేస్తాయి. ఇక్ ఒంట్లో నరమే లేదు, దాన్ని ఆ మందు ఏమీ చేయలేదు. చేపకి మాత్రం ఆ మందులు పరమ విషం. ఎకరాల చెరువుకి లెక్కగట్టి వాడే మందుని యాభై లీటర్లు కూడా లేని తొట్టిలో రెండు చుక్కలు వేస్తే గంటల్లో అన్నీ తేలిపోతాయి.

ఇక అసలు విషయం. మూడు రోజుల్లో చుక్కలు పోయి, వారంలో రెట్టింపుగా ఎందుకు వచ్చాయో తెలిస్తే వైద్యం మీకు మీరే చేసుకోగలరు. ఈ ఒక్కటి నెమ్మదిగా చదవండి, బాబుకి చదివి వినిపించండి.

మీకు కనిపించే తెల్ల చుక్క చేప చర్మం మీద అంటుకుని లేదు. పై పొర కింద దూరి కూర్చుంది. అక్కడే చేప కణాల్ని తింటూ, నెమ్మదిగా గుండ్రాలు తిరుగుతూ, మిల్లీమీటరు దాకా ఎదుగుతుంది. దాని పైన చేప చర్మమే దుప్పటిలా కప్పి ఉంటుంది కాబట్టి నీళ్లలో మీరు ఏ మందు వేసినా దాన్ని తాకదు. కడుపు నిండాక అదే చర్మం చీల్చుకుని బయటికి రాలిపోతుంది. చుక్క మాయమైందని మనం సంబరపడేది ఆ రోజే. రాలిన జీవి అడుగుకి చేరి, రాళ్లకో అద్దానికో మొక్క ఆకుకో అంటుకుని, చుట్టూ జిగురు తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలోకీ మందు వెళ్లదు. లోపల అది రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ వందల్లోకి, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలవుతుంది. తిత్తి పగిలి ఆ పిల్లలు చేప కోసం ఈదుతూ వెతుకుతాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే దాదాపు అన్నీ చచ్చిపోతాయి. వాటికి కవచం లేని సమయం ఆ కాస్తే. ఉప్పయినా, మందయినా చంపగలిగేది ఆ ఈదే పిల్లల్నే.

మీ ఇంట్లో జరిగింది ఇప్పుడు చూడండి. మొదట్లో చేపల మీద పాతికో ముప్పయ్యో చుక్కలు ఉండి ఉంటాయి. మందు వేసినా వేయకపోయినా అవి మూడో రోజుకి రాలేవే. రాలి అడుగున తిత్తులు కట్టాయి. సరిగ్గా ఆ పూట మీరు మందు ఆపారు. పిల్లలు బయటికొచ్చే వేళకి నీళ్లలో కాపలా లేదు. పాతిక తిత్తుల్లోంచి వేలల్లో వచ్చాయి. మీరే కాదు, చేపలు పెంచిన ప్రతివాళ్లూ ఒకసారి ఇక్కడే దెబ్బతింటారు. నా మొదటి తొట్టిలో ఎనిమిది నియాన్ టెట్రాలు నాలుగో రోజున తళతళలాడుతుంటే మందు ఆపి ఊరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒక్కటే ఉంది. ఆ ఒక్కదాన్ని చూస్తూ కూర్చున్న సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: రోజుల లెక్క పరాన్నజీవి బతుకుని బట్టి కట్టాలి, మన కంటికి కనిపించే చుక్కల్ని బట్టి కట్టకూడదు.

ఈ చక్రం వేగం నీటి వేడి మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలుంటే చేప మీంచి రాలి, పిల్లలై, మళ్లీ చేపనెక్కడానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. 15 డిగ్రీలకి దిగితే పది రోజులు. 10 డిగ్రీల్లో అయిదు వారాలు కూడా దాటుతుంది. నీళ్లు వెచ్చగా ఉంటే తిత్తులు త్వరగా పగిలి, పిల్లలు త్వరగా బయటికొచ్చి మన చేతికి చిక్కుతాయి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మీ తొట్టి నీళ్లు 22, 23కి దిగి ఉంటాయి. చలికి చేప ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఈ రోగం మన దగ్గర ఎక్కువగా చలికాలంలోనే కనిపించడానికి కారణం ఇదే.

వైద్యం విషయంలో మీకు నా సలహా ఉప్పూ, వేడీ. మందు తర్వాత చూద్దాం. గోల్డ్ ఫిష్, మాలీ రెండూ ఉప్పుని బాగా తట్టుకునే జాతులు. ఇంకో కారణం కూడా ఉంది. మీ ఫిల్టరు మళ్లీ మొదటి నుంచి కుదురుకోవాలి, ఆ దారిలో అమోనియా తర్వాత నైట్రైట్ అనే ఇంకో విషం పేరుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ నైట్రైట్‌ని మొప్పల్లోంచి రక్తంలోకి పోకుండా అడ్డుకుంటుంది. ఉన్న స్థితిలో మీ చేపలకి రెండు విధాలా మేలు చేసేది ఉప్పే.

ముందు తొట్టిలో నీళ్లు ఎన్నో కొలవండి. లోపలి పొడవు, వెడల్పు, నీళ్ల ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. 60, 30, 26 అనుకుంటే 46.8 లీటర్లు. రాళ్లుంటే ఇంకో మూడు నాలుగు లీటర్లు తగ్గుతుంది. షాపులో అరవై లీటర్ల ట్యాంకు అన్నారని అరవై లీటర్లకి మందు వేసేవాళ్లు ఎక్కువమంది, అక్కడే మోతాదు తప్పుతుంది. మీరైతే రాళ్లన్నీ తీసేయండి. మామూలుగా నేనీ మాట చెప్పను, వాటి మీద మంచి బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి. మీ రాళ్ల మీద ఉన్నది ఎలాగూ పోయింది. రాళ్లు తీసి డాబా మీద ఎండలో పొడిగా ఆరబెట్టండి. తిత్తులు తడి ఆరితే చచ్చిపోతాయి, అంతకు మించి వాటికేమీ చేయక్కర్లేదు. అడుగు ఖాళీగా ఉంటే రాలిన తిత్తుల్ని సైఫన్ పైపుతో రోజూ లాగేయవచ్చు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఒక్క తిత్తి పైపులోంచి బయటికి పోయిందంటే వందల పిల్లలు పోయినట్టే.

ఉప్పు కోసం, వేరే ఏమీ కలపని రాళ్లుప్పు తీసుకోండి. చెంచాల లెక్క వద్దు, వంటింటి కాటా మీద తూచండి. మొదట లీటరుకి 2 గ్రాముల లెక్క. రాళ్లు తీసిన మీ తొట్టికి సుమారు 90 గ్రాములు. దాన్ని మూడు భాగాలు చేసి, తొట్టి నీళ్లలోనే ఒక మగ్గులో కరిగించి, పన్నెండు గంటలకి ఒక భాగం చొప్పున, ఎయిర్ బుడగలు లేచే చోట నెమ్మదిగా పోయండి. ఉప్పు గడ్డలు నేరుగా తొట్టిలో వేస్తే చేప వాటి మీద వాలి ఒళ్లు కాలుతుంది. మూడో రోజుకి చేపలు మామూలుగా ఈదుతుంటే ఇంకో 45 గ్రాములు అదే పద్ధతిలో కలిపి లీటరుకి 3 గ్రాములకి తీసుకెళ్లండి. పన్నెండు లీటర్లు తీసి కొత్త నీళ్లు పోసినప్పుడు ఆ పన్నెండు లీటర్లకి సరిపడా 36 గ్రాములే కలపాలి. ఆవిరైపోయిన నీళ్ల బదులు పోసేటప్పుడు ఉప్పు కలపకూడదు, నీరే ఆవిరవుతుంది, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. బతికున్న మొక్కలుంటే వేరే బకెట్‌లోకి మార్చండి, ఉప్పుకి మాడిపోతాయి. చేపల్లేని ఆ బకెట్‌ని మూడు వారాలు అలాగే ఉంచితే మొక్కల మీది తిత్తులు పగిలి పిల్లలు ఆకలితో చస్తాయి.

వేడికి హీటర్ కావాలి. మీ తొట్టికి 50 వాట్లది చాలు, దాంతోపాటు ఒక థర్మామీటర్ కొనండి, హీటర్ మీద రాసిన అంకెని నమ్మకండి. రోజుకి ఒకటి రెండు డిగ్రీలకి మించకుండా పెంచుతూ 28 దగ్గర ఆపండి. ఒట్టి మాలీలే ఉంటే 30 దాకా వెళ్లమనేదాన్ని, ఆ వేడిలో చాలావరకు ఈ పరాన్నజీవి పెరగలేదు. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ల చేప, దానికి అంత వేడి కష్టం. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుందని మరవకండి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టే ఆక్సిజన్, 30 డిగ్రీలకి ఏడున్నర మాత్రమే పడుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకి ఆ తేడా ప్రాణం మీదికొస్తుంది. కరెంటు పోతే ఆడే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. నీళ్లు తీసేటప్పుడు హీటర్ ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగండి, బాబుకి ఈ పని అప్పగించకండి.

ఎన్ని రోజులంటారా? చివరి చుక్క రాలిన రోజు మొదటి రోజుగా లెక్కపెట్టి ఇంకో వారం. మొత్తం మీద రెండు వారాలకి తక్కువ కాకూడదు. రెండో మూడో రోజు చుక్కలు పెరిగితే టెన్షన్ పడకండి. ముందే చర్మంలో దూరినవి ఎదిగి అప్పుడు కంటికి ఆనుతున్నాయి, అంతే. బాబు రోజూ ఒకే వేళకి ప్రతి చేప మీదా చుక్కలు లెక్కపెట్టి, నీళ్ల వేడితో పాటు నోట్‌బుక్‌లో రాయాలి. చుక్కలు సున్నా అయ్యాక కూడా రాయడం ఆపకూడదు. చేప అద్దానికీ పైపుకీ ఒళ్లు రుద్దుకుంటోందా, మొప్పలు వేగంగా ఆడిస్తోందా అన్నది చుక్కలకంటే ముందే రోగం చెబుతుంది. ఒంటి మీద ఒక్క చుక్కా లేకుండా మొప్పల్లోనే పురుగు ఉండే చేపలుంటాయి.

గడువు అయ్యాక ఉప్పు ఒక్కసారిగా తీసేయకండి. మూడు రోజులకోసారి పావు వంతు నీళ్లు ఉప్పు లేని నీళ్లతో మారుస్తూ రండి, దానంతట అదే పలచబడుతుంది.

అయిదారు రోజులైనా కొత్త చుక్కలు తగ్గకపోతే అప్పుడు మందుకి వెళ్దాం. మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిపిన మందు ఇక్‌కి బాగా పనిచేస్తుంది. మిథిలీన్ బ్లూ కంటే చాలా బలమైనది. సీసా మీద రాసిన మోతాదు మీరు కొలిచిన లీటర్లకే వేయండి. 28 డిగ్రీల్లో రోజు విడిచి రోజు, ప్రతిసారీ వేసే ముందు పావు వంతు నీళ్లు మార్చి. ఫిల్టరులో బొగ్గు సంచి ఉంటే తీసేయాలి, లేకపోతే మందుని అదే పీల్చేసుకుంటుంది. ఫార్మలిన్ నీళ్లలో ఆక్సిజన్‌ని తినేస్తుంది కాబట్టి గాలి బుడగలు దండిగా ఉండాలి. ఫార్మలిన్ సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే ఆ సీసా పారేయండి, అది చేపకి ఇంకా విషం. మలకైట్ గ్రీన్ మనుషులకీ మంచిది కాదు. తినే చేపలకి దాన్ని వాడటానికి అమెరికాలో, ఐరోపాలో అనుమతి లేదు. చేతికి తొడుగులు వేసుకుని మీరే వేయండి, పిల్లల చేతికి ఇవ్వకండి. రాగి కలిసిన మందు ఇవ్వబోతే వద్దనండి, తొట్టిలో నత్తలున్నా బుల్లి రొయ్యలున్నా ఒక్కటీ మిగలదు.

నిజంగా ఇది ఇక్ అవునో కాదో తేల్చుకోవడానికి మీ ఊళ్లో ఉన్నంత సదుపాయం పెద్ద నగరాల్లో కూడా ఉండదు. భీమవరంలో ఆక్వా ల్యాబులకి కొదవా? మీ మరిదికి తెలిసిన ల్యాబులో అడగండి. చుక్కలున్న చేపని తడి చేత్తో పట్టుకుని, ఒంటి మీది జిగురు కొంచెం గాజు పలకకి తీసి మైక్రోస్కోపులో చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. గుండ్రంగా దొర్లుతూ, మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకం ఉంటే ఇక్ అని వంద శాతం చెప్పొచ్చు. చుక్కలు ఉప్పు రవ్వలా కాకుండా పసుప్పచ్చ పొడి చల్లినట్టు ఉంటే అది వెల్వెట్ అనే వేరే రోగం, దూదిలా ఉంటే బూజో బ్యాక్టీరియానో. మీ వర్ణన చదివితే నాకు ఇక్ గురించి అనుమానం లేదు, అయినా బాబుని ల్యాబుకి వెంట తీసుకెళ్లండి. తన చేపలని ఏడిపించినదాన్ని కళ్లారా చూస్తే వాడికి భయం సగం పోతుంది.

ఒక్క విషయంలో మీ మరిది జాగ్రత్తనే మీరూ పాటించాలి. తొట్టిలోంచి తీసిన నీళ్లు, చనిపోయిన చేపలు పంట కాలవలోనో బోదెలోనో వేయకండి. ఈ పరాన్నజీవికి గోల్డ్ ఫిష్ అయినా, బొచ్చె అయినా, శీలావతి అయినా ఒకటే. మీ అన్నయ్య చెరువులోకి అది చేరితే ఉప్పు వేసి బాగు చేసే వీలుండదు. నీళ్లు బాత్రూము తూములో పోయండి, చేపల్ని లోతుగా పాతిపెట్టండి. మనుషులకి ఇక్ రాదు. అయినా తొట్టిలో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవాలి, చేతికి గాయం ఉంటే పెట్టకపోవడమే మంచిది.

"ఇక్ ప్రతి తొట్టిలోనూ నిద్రపోతూ ఉంటుంది, చేపలు నీరసపడగానే లేస్తుంది" అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. దానికి నిద్రపోయే దశ లేదు. మన తొట్టి నీళ్ల వేడిలో చేప లేకుండా అది కొన్ని రోజులకి మించి బతకదు. బయట నుంచి వస్తేనే వస్తుంది: కొత్త చేప మొప్పల్లో, షాపు నీళ్లలో, తడి వలలో, మొక్క ఆకు మీద. మన ఊళ్లకి రంగు చేపలు చాలావరకు చెన్నైలోని కొళత్తూరు నుంచో కొల్‌కతా వైపు నుంచో ఆక్సిజన్ నింపిన సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. ఆ కుదుపుకి, కిక్కిరిసిన నీళ్లకి చేప శక్తి పడిపోయి ఉంటుంది. షాపులో ఆరోగ్యంగా కనిపించిన మాలీ మీ ఇంటికొచ్చిన నాలుగో రోజుకి చుక్కలేసిందంటే లోపలికి పురుగుని పట్టుకునే వచ్చింది. షాపువాళ్లు కావాలని చేశారని కాదు, ఆ దశలో వాళ్ల కంటికీ కనిపించదు.

అందుకని ఇకపై కొత్త చేప ఏదైనా మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో ఉండాలి. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, చిన్న స్పాంజి ఫిల్టరు, దానికంటూ వేరే వల, వేరే మగ్గు. షాపు సంచిలో నీళ్లు తొట్టిలో పోయకుండా చేపని ఒక్కదాన్నే వలతో తీయాలి. ఈసారి బతికి బయటపడిన చేపలకి కొంత కాలం ఈ రోగాన్ని తట్టుకునే శక్తి వస్తుంది. అది చూసి "మన చేపలకి ఏమీ కాదులే" అని కొత్తదాన్ని నేరుగా వదలకండి, ఎందుకంటే పాతవి చుక్క కనిపించకుండానే మొప్పల్లో కొన్నిటిని మోస్తూ ఉండొచ్చు, అప్పుడు బలయ్యేది కొత్త చేప. ఇంకో మాట, రెండు గోల్డ్ ఫిష్‌లకే నలభై అయిదు లీటర్లు ఇరుకు. పోయిన మాలీల స్థానంలో కొత్తవి తేవద్దని బాబుకి నచ్చజెప్పండి. వీలైతే ఆ డబ్బుతో పెద్ద తొట్టికి మారండి.

ఈ రోజు సాయంత్రం నీళ్లు మార్చాక, రేపు పొద్దున అమోనియా రీడింగ్ ఎంత వచ్చిందో, గోల్డ్ ఫిష్‌లు ఇంకా పైనే ఉన్నాయో కిందికి దిగాయో నాకు రాయండి. ఉప్పు మొదటి భాగం ఆ తర్వాతే వేద్దాం.